ఫోన్ల వార్తలు, వాటి మీద జోకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ఫోన్ విడుదలైన ప్రతిసారీ గ్రూపుల నిండా జోకులు వస్తాయి. వాటి వెనకాలే "ఇది నిజమేనా?" అన్న ప్రశ్నలూ వస్తాయి. నన్ను ఎక్కువగా అడిగేవి, ఒక్క ముక్కలో జవాబు చెప్పలేనివి ఇక్కడ పెట్టాను.

ఫోన్ వార్త అనగానే అందరూ జోకులేస్తారెందుకు? సీరియస్‌గా మాట్లాడుకోలేమా?

మాట్లాడుకోవచ్చు. కానీ ధర పెట్టేది కంపెనీ, ఏది ఉంచాలో ఏది పీకేయాలో చూసుకునేది కంపెనీ. కొనేవాళ్ళ చేతిలో ఉన్నది నోరే కాబట్టి ముందు జోకు పుడుతుంది. 2019 జూన్‌లో యాపిల్ ఒక మానిటర్ చూపించి, దాని స్టాండు విడిగా 999 డాలర్లు అనగానే హాల్లో కూర్చున్న డెవలపర్లే గుసగుసలాడారు. 2021 అక్టోబరులో అదే కంపెనీ స్క్రీను తుడుచుకునే గుడ్డని 19 డాలర్లకి, మన దగ్గర 1,900 రూపాయలకి అమ్మకానికి పెట్టింది. ఆ గుడ్డ ఏయే మోడళ్ళకి పనికొస్తుందో ఒక జాబితా కూడా ఇచ్చింది! ప్రపంచమంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

జోకు మంచిదా కాదా అని నేను చూసేది ఒక్క లెక్కతోనే. అది అమ్మేవాళ్ళ మీదికి వెళ్తోందా, కొన్నవాళ్ళ మీదికి వెళ్తోందా? అమ్మేవాళ్ళ మీదైతే ఎంత ఘాటుగా ఉన్నా ఫర్వాలేదు. కొన్నవాళ్ళ మీదైతే, అందులోనూ డబ్బులు చాలక పాత ఫోనే లాక్కొస్తున్నవాళ్ళ మీదైతే, నేను ఫార్వర్డ్ చేయను.

బాక్సులో ఛార్జర్ ఇవ్వకపోతే పర్యావరణానికి మంచిదే కదా, ఇంకా ఆ జోకులెందుకు?

2020 అక్టోబరులో ఐఫోన్ 12తో ఈ గొడవ మొదలైంది. అందరి ఇళ్ళల్లో ఛార్జర్లు మూలుగుతున్నాయి, కొత్తది ఇవ్వకపోతే చెత్త తగ్గుతుంది, బాక్సు చిన్నదైతే రవాణాలో 70 శాతం ఎక్కువ బాక్సులు పడతాయి అని యాపిల్ చెప్పింది. ఆ మాటలో బలం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం.

కానీ బాక్సులో పెట్టిన కేబుల్ సంగతి చూడండి. ఒక కొస లైట్నింగ్ (అప్పటి ఐఫోన్లలో దూరే యాపిల్ సొంత పిన్ను), రెండో కొస టైప్-సి. అంతకుముందు ఏళ్ళ తరబడి ఎక్కువ ఐఫోన్లతో వచ్చిన 5 వాట్ల తెల్ల ఛార్జర్‌కి ఉన్నది పాత వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రం. ఈ కొత్త కేబుల్ అందులో దూరదు. పాత కేబుల్ ఇంకా బాగున్నవాళ్ళు గట్టెక్కారు. మొదటిసారి ఐఫోన్ కొన్నవాళ్ళు షాపుకి వెళ్ళి ఇంకో ఛార్జర్ కొనుక్కున్నారు, దానికి మళ్ళీ ఒక బాక్సు, ఒక ప్లాస్టిక్ పొర. ఛార్జర్ తీసేసినందుకు ఫోన్ ధర తగ్గించి ఉంటే నేను ఈ పనిని మనస్ఫూర్తిగా మెచ్చుకునేదాన్ని.

"బండి కొంటే తాళంచెవి విడిగా కొనుక్కోవాలా?" అని మనవాళ్ళు అడిగిన ప్రశ్ననే బ్రెజిల్ ప్రభుత్వం సీరియస్‌గా తీసుకుంది. 2022 సెప్టెంబరులో అక్కడి న్యాయశాఖ, ఇది అసంపూర్ణమైన వస్తువుని అమ్మడమే అని తేల్చి, ఛార్జర్ లేని ఐఫోన్ల అమ్మకం ఆపమంది. కోటీ 20 లక్షల రియాల్స్ పైన జరిమానా కూడా వేసింది.

యాపిల్‌ని వెక్కిరించిన కంపెనీలే తర్వాత అదే పని చేశాయంటారు. నిజమా?

నిజం, అదీ ఒకసారి కాదు. వరసగా చెప్తాను.

2016 సెప్టెంబరులో ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ జాక్ తీసేశారు. దానికి కారణం ధైర్యం అని వేదిక మీదే యాపిల్ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ అన్నారు. ఆ మాట మీద వచ్చినన్ని జోకులు ఆ ఏడాది దేని మీదా రాలేదేమో. ఆ మరుసటి నెలే గూగుల్ తన మొదటి పిక్సెల్ ఫోన్‌ని చూపిస్తూ, మా దాంట్లో జాక్ ఉంది చూసుకోండి అని యాడ్‌లో చురక వేసింది. 2017 అక్టోబరులో పిక్సెల్ 2 వచ్చింది, జాక్ లేకుండా. శామ్‌సంగ్ 2017, 2018లో జాక్ లేక హెడ్‌ఫోన్స్‌కి అడాప్టర్ తగిలించుకునే ఐఫోన్ వాళ్ళ పాట్లని చూపిస్తూ యాడ్లు తీసింది. 2019 ఆగస్టులో నోట్ 10 వచ్చింది, అందులోనూ జాక్ లేదు.

ఛార్జర్ విషయంలో ఇంకా తొందరగా జరిగింది. ఐఫోన్ 12 వచ్చిన వెంటనే శామ్‌సంగ్ ఫేస్‌బుక్‌లో ఛార్జర్ బొమ్మ పెట్టి, ఇది మీ గెలాక్సీతో పాటే వస్తుంది అంది. మూడు నెలలకి, 2021 జనవరిలో, గెలాక్సీ ఎస్21 ఛార్జర్ లేకుండా వచ్చింది. ఆ పోస్టు అప్పటికే తీసేశారు. షావోమీ కూడా అప్పట్లో వెక్కిరించింది, 2020 డిసెంబరులోనే చైనాలో మి 11 బాక్సులోంచి ఛార్జర్ తీసేసింది. కాకపోతే కావాలని అడిగినవాళ్ళకి అదే ధరకి ఛార్జర్‌తో కలిపి ఇచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మర్యాదగా కనిపించిన పని అదొక్కటే.

కాబట్టి ఒక కంపెనీ ఇంకో కంపెనీని వెక్కిరించే యాడ్ వస్తే హాయిగా నవ్వుకోండి. దాన్ని మాటిచ్చినట్టు మాత్రం తీసుకోకండి.

సరే, ఇంట్లో ఉన్న పాత ఛార్జర్‌ని కొత్త ఫోన్‌కి వాడొచ్చా?

ఎక్కువ శాతం వాడొచ్చు. ఛార్జర్ తీసి వెలుతురులో తిప్పి చూడండి. బూడిదరంగులో, చీమ తలకాయలంత అక్షరాలుంటాయి. అందులో ఔట్‌పుట్ అన్న వరుస వెతకండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించుకోండి, అది 10 వాట్ల ఛార్జర్. 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు అని ఇంకో జత కూడా ఉంటే అది 20 వాట్లదాకా ఇవ్వగలదు. వాట్లు ఎక్కువున్న ఛార్జర్ పెడితే ఫోన్ కాలిపోతుందని భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎంత కావాలో ఫోనే అడిగి తీసుకుంటుంది, ఆ టెన్షన్ అక్కర్లేదు. 67 వాట్లు, 80 వాట్లు అని గొప్పగా చెప్పే ఫోన్లకి మాత్రం చాలావరకు వాళ్ళ ఛార్జరూ వాళ్ళ కేబులే ఉండాలి. వేరేది పెడితే ఛార్జ్ అవుతుంది, నెమ్మదిగా.

అదే చోట బీఐఎస్ (వస్తువుల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో తెలుస్తుంది. బస్టాండు ముందు 100 రూపాయలకి దొరికే ఛార్జర్‌కి ఆ నంబరు లేకపోతే నేనైతే కొనను.

యూరోపియన్ యూనియన్ పుణ్యమా అని కేబుల్ గోల కొంత తగ్గింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లన్నిటికీ టైప్-సి తప్పనిసరి. యాపిల్ అంతకుముందే, 2023లో ఐఫోన్ 15తో దారికొచ్చింది. పదేళ్ళపాటు జోకులతో కదలనిది చట్టంతో కదిలింది.

ఐఫోన్ కోసం కిడ్నీ అమ్ముకోవాలి అన్న జోకులో తప్పేముంది?

ఆ జోకు ధర మీద పుట్టిందని నాకు తెలుసు. వేసేవాళ్ళకి చెడ్డ ఉద్దేశం లేదని కూడా తెలుసు. కానీ అది నిజంగా జరిగింది. 2011లో చైనాలోని అన్హుయి రాష్ట్రానికి చెందిన 17 ఏళ్ళ కుర్రాడు దళారుల మాట విని కిడ్నీ ఇచ్చేశాడు. చేతికొచ్చింది 22 వేల యువాన్లు. దానితో ఒక ఐఫోన్, ఒక ఐప్యాడ్ కొనుక్కున్నాడు. తర్వాత ఆరోగ్యం దెబ్బతింది. ఆపరేషన్ చేసినవాళ్ళకీ దళారులకీ 2012లో శిక్షలు పడ్డాయి.

మన దగ్గర సంగతి కూడా ఆలోచించండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. డయాలసిస్ కోసం పలాస తిరిగే కుటుంబాలవాళ్ళు కూడా మనం ఉన్న గ్రూపుల్లోనే ఉంటారు. ధర మీద కోపం చెప్పడానికి ఇంకా వంద దారులున్నాయి. ఈ ఒక్కటీ వదిలేద్దాం.

అప్‌డేట్ వేస్తే పాత ఫోన్ని కావాలనే స్లో చేస్తారట కదా?

ఈ అనుమానానికి ఆధారం ఉంది. పాత ఐఫోన్లలో వేగాన్ని తామే తగ్గించామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. కారణం బ్యాటరీ. లిథియం బ్యాటరీ పాతబడేకొద్దీ లోపల నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి, 30 శాతం ఛార్జ్ ఉన్నా ఫోన్ టక్కున ఆగిపోతుంది. అలా ఆగకుండా వేగానికి కళ్ళెం వేశారు. ఇంజినీరింగ్‌గా చూస్తే అర్థం ఉన్న పనే.

నాకు కోపం తెప్పించేది ఆ విషయం చెప్పకపోవడం. బ్యాటరీ మారిస్తే సరిపోయేదని తెలియక ఎంతోమంది కొత్త ఫోన్ కొనేశారు. గొడవయ్యాక 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29కి దించారు. 2018లో ఇటలీ ఇలాంటి కారణాలతోనే యాపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 2020లో ఫ్రాన్స్ యాపిల్‌కి రెండున్నర కోట్ల యూరోలు వేసింది.

ఫోన్ నెమ్మదించిందని మార్చేద్దామనుకుంటే ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడండి. 80 శాతం కంటే తక్కువ చూపిస్తుంటే బ్యాటరీ మార్పించండి. కొత్త ఫోన్ ఖర్చులో చిన్న ముక్కతో ఇంకో రెండేళ్ళు గడుస్తుంది.

ఫోన్‌తో తీసిన చంద్రుడి ఫోటో నిజమైనదేనా?

2023 మార్చిలో రెడిట్‌లో ఒకరు చేసిన ప్రయోగం చెప్తాను, నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది అదే. చంద్రుడి ఫోటో ఒకటి తీసుకుని, 170 పిక్సెల్స్ (ఫోటోలోని చుక్కలు) వెడల్పుకి కుదించి, దాన్ని కావాలనే మసకబార్చారు. ఒక్క గుంట కూడా కనబడదు, తెల్లటి ముద్ద అంతే. దాన్ని కంప్యూటర్ స్క్రీను మీద పెట్టి, గదిలో లైట్లార్పేసి, అవతలి గోడ దగ్గర నుంచి శామ్‌సంగ్ అల్ట్రా ఫోన్‌తో జూమ్ చేసి తీశారు. వచ్చిన ఫోటోలో గుంటలూ మచ్చలూ ఎంచక్కా ఉన్నాయి! లేని వివరం కెమెరాకి ఎక్కడ కనబడుతుంది? చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు చేర్చేలా ఫోన్‌కి నేర్పారు. అది చంద్రుడని గుర్తుపట్టాక ఏఐతో మెరుగు చేస్తామని కంపెనీ కూడా వివరించింది. 2019లో హువావే పీ30 ప్రో మీదా ఇదే రగడ జరిగింది.

ఫోటో అందంగా ఉంటే దాచుకోండి. కానీ యాడ్‌లో జూమ్ సత్తా చూపించడానికి చంద్రుణ్ణి వాడుకోవడం నాకు నచ్చలేదు. అమ్మమ్మ మొహం మీద ముడతల్ని కూడా ఫోనే ఊహించి గీస్తే, ఫోటో తీసుకోవడం దేనికి?

200 మెగాపిక్సెల్స్ అంటే 12 మెగాపిక్సెల్స్ కంటే 16 రెట్లు బాగుంటుందా?

ఉండదు. అలాంటి సెన్సర్ మామూలుగా 16 పిక్సెల్స్‌ని కలిపి ఒకటి చేస్తుంది, చివరికి మీకొచ్చేది పన్నెండున్నర మెగాపిక్సెల్స్ ఫోటోనే. వెలుతురు తక్కువున్న చోట, కదులుతున్న పిల్లల్ని తీసి చూడండి. అక్కడ తెలుస్తుంది కెమెరా సంగతి.

128 జీబీ అని కొంటే 119 జీబీయే చూపిస్తోంది. మోసమా?

ఇందులో మోసం లేదు. అమ్మేవాళ్ళు జీబీ అంటే వంద కోట్ల బైట్లుగా లెక్కేస్తారు. కొన్ని పరికరాలు 1024ని మూడుసార్లు గుణించి, అంటే 107 కోట్ల చిల్లరతో లెక్కేస్తాయి. 128ని అలా భాగిస్తే 119 వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆక్రమించేది దీనికి అదనం, దాని మీద మాత్రం జోకులు వేయొచ్చు.

నోకియా 3310 కింద పడితే నేల పగులుతుందన్న జోకు ఇంకా ఎందుకు బతికుంది?

ఎందుకంటే అది అభిమానంతో వేసే జోకు. 2000లో వచ్చిన ఆ ఫోన్ 12 కోట్లకి పైగా అమ్ముడుపోయింది. బరువు 133 గ్రాములు, చిన్న తెర, దాని పైన ప్లాస్టిక్ మూత. కింద పడితే వెనక డొప్ప ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరేవి. మూడూ ఏరుకుని టకటకా బిగించి ఆన్ చేస్తే రెండు చేతులు కలుసుకునే బొమ్మ వచ్చేది. డొప్ప గీతలు పడితే బజారులో నచ్చిన రంగు కొని మార్చుకునేవాళ్ళం. బ్యాటరీ మార్చడానికి మెకానిక్ అక్కర్లేదు. ఇప్పటి ఫోన్లలో వెనక అద్దం పగిలితే అయ్యే ఖర్చు చూసినవాళ్ళకి ఆ జోకులోని బాధ తెలుస్తుంది.

మడత ఫోన్లని జనం ఎగతాళి చేయడం న్యాయమా?

మొదట్లో న్యాయమే. 2019 ఏప్రిల్‌లో శామ్‌సంగ్ గెలాక్సీ ఫోల్డ్‌ని రివ్యూ రాసేవాళ్ళకిచ్చారు, ధర 1,980 డాలర్లు. తెర మీద ఉన్న పల్చటి పొర కొత్త ఫోన్‌కి అంటించే ప్లాస్టిక్‌లాగే ఉండటంతో కొందరు దాన్ని ఒలిచేశారు. అది తెరలో భాగం. తెరలు పోయాయి. విడుదల ఆపి, ఆ పొర అంచుల్ని ఫ్రేము కిందికి జొనిపి, సెప్టెంబరులో మళ్ళీ తెచ్చారు. పొర ఒలిచినవాళ్ళని చాలామంది వెక్కిరించారు. నా దృష్టిలో తప్పు వాళ్ళది కాదు. గోరు దూరేలా అంచు వదిలితే ఎవరైనా ఒలుస్తారు. ఇప్పటివి గట్టిపడ్డాయి, అయినా తెర మార్చే ఖర్చు అడిగి తెలుసుకున్నాకే కొనండి.

251 రూపాయల ఫోన్ బుక్ చేసినవాళ్ళ మీద ఇప్పటికీ జోకులేస్తున్నారు...

2016 ఫిబ్రవరిలో నోయిడాకి చెందిన రింగింగ్ బెల్స్ అనే కంపెనీ ఫ్రీడమ్ 251 పేరుతో 251 రూపాయలకి స్మార్ట్‌ఫోన్ ప్రకటించింది. పేపర్లలో పేజీల కొద్దీ యాడ్లు వచ్చాయి, విడుదల సభకి పెద్దమనుషులు వచ్చారు, బుకింగ్ మొదలుకాగానే వెబ్‌సైట్ కూలబడింది. ఆ ధరకి తెర కూడా రాదని తెలిసినవాళ్ళు అప్పుడే చెప్పారు. నిజమే. కానీ పేపర్లో యాడ్ చూసి, స్మార్ట్‌ఫోన్ లేని ఇంట్లో ఒకటి వస్తుందని ఆశపడినవాళ్ళని చూసి నవ్వడం నావల్ల కాదు. వాళ్ళ ఆశని వాడుకున్నవాళ్ళ మీద వేయండి, ఎన్నైనా.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి 'గ్రీన్ బబుల్' అంటూ ఐఫోన్ కొంటానంటున్నాడు. అదేం జబ్బు?

అక్కడ వాట్సాప్ కంటే ఫోన్‌తో వచ్చే మెసేజ్ యాప్ వాడకం ఎక్కువ. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి వెళ్ళే మెసేజ్ నీలం రంగులో, ఆండ్రాయిడ్‌తో మాట్లాడితే ఆకుపచ్చలో కనిపిస్తుంది. కాలేజీల్లో ఆకుపచ్చ వాళ్ళని ఆటపట్టిస్తారు. 2022లో ఒకాయన, మా అమ్మకి వీడియోలు సరిగ్గా వెళ్ళడం లేదంటే, మీ అమ్మకి ఐఫోన్ కొనివ్వండి అని అప్పుడు యాపిల్ సీఈఓగా ఉన్న టిమ్ కుక్ అన్నారు, సభ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18 (ఐఫోన్ సాఫ్ట్‌వేర్)తో ఆర్‌సీఎస్ అనే కొత్త మెసేజ్ పద్ధతి వచ్చాక ఫోటోలు, వీడియోలు బాగానే వెళ్తున్నాయి. రంగు మాత్రం అలాగే ఉంచారు. అబ్బాయికి కెమెరా కోసమో, ఎక్కువ ఏళ్ళ అప్‌డేట్ల కోసమో కావాలంటే కొననివ్వండి. రంగు కోసమైతే ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి.

ఫోన్లు ఇక్కడే తయారవుతున్నాయి కదా, ధర తగ్గదేం?

2015 ఆగస్టులో షావోమీ తన మొదటి మేడిన్ ఇండియా ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖపట్నంలో విడుదల చేసింది, తయారైంది శ్రీసిటీలో, ధర 6,999. ఆ రోజు గర్వపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఇక్కడ జరిగేది ఎక్కువగా భాగాలని కలిపి బిగించే పని. ఖరీదైన చిప్పులు, తెరల్లో చాలావరకు బయటి నుంచే వస్తాయి. పైగా 2020 ఏప్రిల్ నుంచి మొబైళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 20 వేల ఫోన్‌లో సుమారు 3,050 రూపాయలు పన్నే.

ఫోన్ పేలిందన్న వార్త చూసినప్పటినుంచి భయంగా ఉంది. ఏం చేయాలి?

శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 మీద వచ్చిన బాంబు జోకులు గుర్తుండే ఉంటాయి. 2016 ఆగస్టులో వచ్చి, సెప్టెంబరులో వెనక్కి పిలిపించి, మార్చి ఇచ్చినవీ కాలడంతో అక్టోబరులో పూర్తిగా ఆపేశారు. మొదటి రకం బ్యాటరీలో పైమూల నొక్కుకుపోయి లోపలి పొరలు వంగాయి, రెండో రకంలో వెల్డింగ్ దగ్గర మొనలు తేలి పొరని చీల్చాయి. ఆ తప్పుల్ని కంపెనీయే 2017 జనవరిలో బయటపెట్టింది, అందుకు దాన్ని మెచ్చుకోవాలి.

మన ఇళ్ళల్లో చూడాల్సింది ఉబ్బు. ఫోన్‌ని బల్ల మీద పడుకోబెట్టి మూల మీద వేలు పెట్టండి. బొంగరంలా తిరిగితే, లేదా తెర అంచున సన్నటి సందు కనిపిస్తే, బ్యాటరీ లోపల గ్యాస్ చేరింది. ఇక ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, పిన్నుతో పొడవకండి, దిండు కింద అసలు పెట్టకండి. స్విచ్ ఆఫ్ చేసి, మంట అంటుకునే వస్తువులకి దూరంగా పెట్టి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. తీసేసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయొద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, కాబట్టి తీసుకోమని సర్వీస్ సెంటర్‌ని గట్టిగా అడగండి.